ఫ్రెంచి ఊరూ, మా నెత్తళ్ళ ఇసుకా

ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరుంది. నేను ఎప్పుడూ వెళ్ళలేదు, వెళ్తానన్న ఆశా లేదు. అయినా నా కళ్ళకు గంతలు కట్టి ఆ ఊరి రేవులో వదిలేయండి, ఎవరినీ దారి అడక్కుండా ఊరంతా తిరిగొస్తాను. ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. రాసినా మా జాలరిపేటలో ఎవరికీ నోరు తిరగదు, నాకే తిరగడానికి చాలా రోజులు పట్టింది.

నేను విశాఖపట్నంలో ఫ్రెంచి మాటల్ని తెలుగులోకీ, తెలుగు మాటల్ని ఫ్రెంచిలోకీ మార్చి బతుకుతాను. చేపలమ్మే ఇంట్లో పుట్టినదానికి ఫ్రెంచి ఎలా వచ్చిందని అడగని మనిషి లేడు. ఎలా వస్తుంది? నేర్చుకుంటే వచ్చింది. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో రిసెప్షన్ మీద కూర్చునే రోజుల్లో, యానాం నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముసలి మాస్టారు సాయంత్రాలు పాఠాలు చెప్పేవారు. ఆయన ఫ్రెంచిలో గోదావరి యాస ఉండేది. నా ఫ్రెంచిలో ఎండుచేపల వాసన వస్తుందని ఆయన ఎగతాళి చేసేవారు. రానీండి అనేదాన్ని. ఇప్పుడు పోర్టుకీ స్టీలు ప్లాంటుకీ పనుల మీద వచ్చే ఫ్రెంచివాళ్ళకి ఊరు చూపిస్తాను, వాళ్ళ మీటింగుల్లో మాట అందిస్తాను. ఉండేది దువ్వాడలో. ఆదివారం వచ్చిందంటే పేటలో అమ్మ దగ్గర తేలతాను.

ఆ ఫ్రెంచి ఊరి నుంచి రిటైరైన పెద్దలు కొందరు మన ఊరితో స్నేహం కలుపుకోవడానికి వస్తున్నారని ఒక సర్కారు ఆఫీసు నుంచి నాకు ఫోను వచ్చింది. వాళ్ళు తమ ఊరి ఫొటోలు ముందుగా పంపారు, ప్రతి ఫొటో కింద రెండు ముక్కలు రాశారు. వాటికి తెలుగు రాయాలి, తర్వాత వాళ్ళు వచ్చినప్పుడు వెంట ఉండి మాట అందించాలి. ఆ పని అమ్మ అరుగు మీద కూర్చుని చేశాను. అమ్మ నా పక్కనే పీట వేసుకుని కానాగంత చేపలు కోస్తూ కూర్చునేది, ఫొటో ఫొటోకీ నా చేత చదివించుకునేది.

ఆ ఊళ్ళో రేవు గట్టు మీద నిలబడితే ఎదురుగా చేపల మార్కెట్టు. ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన పాతకాలపు పెద్ద షెడ్డు. దాని నెత్తిన ఒక గడియారం, అది ఎప్పుడూ కాస్త ముందే నడుస్తుందట. వేటకెళ్ళేవాళ్ళు బద్ధకించకూడదని పూర్వం ఎవరో ముల్లు ముందుకు తిప్పి పెట్టారు. ఇప్పుడు వేటకెళ్ళేవాళ్ళు లేకపోయినా దాన్ని సరిచేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

మార్కెట్టు పక్కనుంచి అరిగిపోయిన రాతి మెట్లు ఎక్కితే చర్చి వస్తుంది. బయటికి చూస్తే గోదాములా ఉంటుంది. లోపల మాత్రం కప్పు నుంచి తాళ్ళతో చిన్న చిన్న పడవలు వేలాడుతుంటాయి. తుఫానులో చిక్కుకుని ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు తమ పడవలాంటి బొమ్మ పడవ చేయించి మొక్కు తీర్చుకునేవారట. అది చదవగానే అమ్మ కత్తి పక్కన పెట్టేసింది.

"గుడిలో కడతారా పడవల్ని? మరి మనాళ్ళు పండగ్గి సిన్న పడవ సేసి, పసుపూ కుంకం ఎట్టి నీట్లో వొదిలేత్తారు. ఆళ్ళు దాసుకుంతన్నారు, మనం ఇచ్చేత్తన్నాం. అంతేనా, అమ్మీ?"

"అంతే" అన్నాను. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

చర్చి వెనక గోడ మీద సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. ఇంటిపేర్లు కొన్నే, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. అక్కడి నుంచి నది వైపు దిగితే వంతెన. యుద్ధంలో దాన్ని పేల్చేశారు, మళ్ళీ కట్టారు. కొత్త రాయి పాత రాయి రంగులో కలవలేదు, అతుకు ఫొటోలోనే తెలిసిపోతుంది. నది సముద్రంలో కలిసేచోట తెల్లటి లైట్‌హౌసు. అది దాటితే ఒడ్డు పొడవునా నున్నటి రాళ్ళు పరిచిన నడకదారి, దాని పక్కన పెద్ద పెద్ద హోటళ్ళు, రంగు గొడుగులు. ఆ నడకదారి మధ్యలో, పూలమొక్కల నడుమ, ఒక కంచు విగ్రహం. బుట్ట నడుముకు ఆనించుకుని సముద్రం వైపు చూస్తున్న ఆడమనిషి. కింద రెండే మాటలు రాశారు: చేపలావిడ విగ్రహం.

అమ్మకి చర్చి తర్వాత బాగా నచ్చింది ఆ విగ్రహమే. "బుట్ట నడుం మీద ఎట్టుకుందేటి, నెత్తి నేదా దీనికి?" అని వంక పెట్టింది గానీ, పొద్దు గూకేలోపు పేటలో ఆడవాళ్ళందరినీ పిలిచి నా ఫోనులో చూపించింది. ఫ్రెంచి దేశంలో చేపలమ్మే ఆవిడకి బొమ్మ కట్టారంటే మా వాళ్ళకి సంబరమే మరి. నాకూ సంబరమే.

సంబరపడ్డది మేమే కాదు. ఆ ఫొటో ఆఫీసులో కూడా అందరికీ తెగ నచ్చేసింది. అక్కడొకటి ఉంది గనక ఇక్కడా ఒకటి ఉండాలి, రెండు ఊళ్ళకీ జంట విగ్రహాలు అన్నారు. మా ఊళ్ళో బీచ్ రోడ్డు పొడవునా విగ్రహాలకు కరువేం లేదు, ఇంకొకటి వస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. దాని కోసం ఒక ఆఫీసరు గారు మా పేటకి వచ్చారు.

ఇక్కడ మా ఇసుక గురించి చెప్పాలి. పేటకీ నీటికీ మధ్య, రెండు పక్కలా బండరాళ్ళు కాపున్న ఎత్తైన ఇసుక మేర ఉంది. ఎంత పోటు వచ్చినా అక్కడికి నీరెక్కదు. డాల్ఫిన్ నోస్ కొండ వైపు నుంచి గాలి ఆ రాళ్ళ మధ్యకి దూరి వస్తుంది గనక, వేలెడేసి నెత్తళ్ళ చేపలు పొద్దున పరిస్తే సాయంత్రానికి గలగలలాడతాయి. మా వాళ్ళ ఎండు నెత్తళ్ళు ఎలమంచిలి సంత దాకా వెళ్తాయి, అక్కడ మా పేట సరుకని అడిగి కొనుక్కునేవాళ్ళున్నారు. మగవాళ్ళకి వేట దొరకని రోజుల్లో మా ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ ఇసుక వల్లే. నా చదువూ ఆ ఇసుక మీద ఎండిందే.

ఆ ఇసుకలో ఎవరి చోటు వాళ్ళకుంది. గీత లేదు, రాయి లేదు, కంచె లేదు. అత్త కూర్చున్న చోట కోడలు కూర్చుంటుంది. ఒకరి వల పక్కావిడ చోటులోకి జానెడు జరిగితే పేట పేటంతా వినేలా తగువు పడతారు. అంత తగువులోనూ ఒక్క మాట మాత్రం ఎవరూ అనరు. "ఇది నాది" అనరు. "మా అత్త కూకున్న సోటు" అంటారు. ఇల్లు నాదంటారు, వల నాదంటారు, బుట్ట నాదని జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. ఇసుక దగ్గరకొచ్చేసరికి నోరు కట్టేసుకుంటారు. అది గంగమ్మ తల్లిది. తల్లి సొత్తు నాదని నువ్వు అంటే, నీటి మీదున్న నీ మనిషిని నావాడని తల్లి అంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న మాట ఇది. ఫ్రెంచి నేర్చినా, దువ్వాడలో లిఫ్టు ఉన్న అపార్టుమెంటుకి మారినా, నేను కూడా ఆ ఇసుక మీద నిలబడి ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఆఫీసరు గారు వచ్చిన రోజు అమ్మ అక్కడ ఒక్కతే ఉంది, కాకుల్ని తోలుతూ. ఆయన మర్యాదస్తుడే. చెప్పులు విప్పి ఇసుకలోకి నడిచొచ్చి, "అమ్మా, ఈ స్థలం ఎవరిది? మీదేనా?" అని అడిగారు.

అమ్మ రెండు చెవులూ పట్టుకుంది. "అమ్మమ్మ! మాది కాదు బాబూ. ఎవులిదీ కాదు. తల్లిది."

ఆయన ఫోనులో ఫొటోలు తీసుకుని, అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయారు. మా పేటలో ఏ ఆడమనిషిని అడిగినా ఆ జవాబే వచ్చేది. పట్నంలో మరెక్కడ అడిగినా, పదిమంది లగెత్తుకొచ్చి మాదంటే మాదని కాగితాలు చూపించేవారు. మా వాళ్ళు మాత్రం భక్తికొద్దీ చేతులారా ఇచ్చేశారు. ఆఫీసులో ఆ ఇసుక ఖాళీ స్థలమైపోయింది.

తర్వాత బొమ్మ చేసే శిల్పి వచ్చాడు. చేపలావిడ ఎలా ఉంటుందో చూడాలన్నాడు. పేటలో ఎంతమంది లేరు, మా అమ్మే ముందుకెళ్ళి నిలబడింది. సింహాచలం వెళ్ళినప్పుడు కట్టుకునే చీర కట్టుకుని, నెత్తి మీద చుట్టకుదురు పెట్టి, బుట్ట ఎత్తుకుని, అటు తిరిగి ఇటు తిరిగి ఫొటోలు దిగింది. "ఆ ఫ్రెంచిదానిలాగ నడుం మీద ఎట్టకు బాబూ. బుట్టంటే నెత్తి మీదుండాల" అని శిల్పికి పని నేర్పింది. నెల తిరక్కుండా మా ఇసుక నడిబొడ్డున సిమెంటు దిమ్మ లేచింది. విగ్రహం వచ్చేదాకా ఖాళీగా ఎందుకని మా వాళ్ళు దాని మీద కూడా నెత్తళ్ళు పరిచేశారు. దిమ్మ మీద తొందరగా ఎండుతున్నాయని కూడా అన్నారు. బొమ్మ ఓ పక్కన ఉంటుంది, మనం చుట్టూ ఉంటాం, అమ్మ లెక్క అది. ఎవరూ వేరే లెక్క చెప్పలేదు గనక నేనూ అదే అనుకున్నాను.

ఫ్రెంచివాళ్ళు వచ్చారు. వాళ్ళలో ముఖ్యమైనావిడ బడి టీచరుగా రిటైరైంది. సన్నగా, ఎత్తుగా, మా ఉక్కపోతలో కూడా నీలం కోటు విప్పకుండా తిరిగేది. నేను ఆమెను టీచరమ్మ అనే పిలిచాను, మాట బాగుందని ఆమె కూడా నేర్చుకుంది. మొదటి రోజు రేవూ కొండా చూపించాను. రెండో రోజు సాయంత్రం ఒక హాల్లో సభ. ముందు వరసల్లో మా పేట ఆడవాళ్ళని కూర్చోబెట్టారు, ఫొటోల్లో బాగుంటుందని. అమ్మ మధ్యలో కూర్చుంది, కాబోయే విగ్రహం కదా.

టీచరమ్మ తెర మీద ఫొటోలు చూపిస్తూ ఊరి చరిత్ర చెప్పింది. పక్కనే మైకు పట్టుకుని నేను తెలుగులో చెప్పాను. తెలుగు ఎందుకు, మా వాళ్ళ మాటలోనే చెప్పాను. గడియారం చూసి ఆడవాళ్ళు నవ్వారు. చర్చిలో పడవలు చూసి దండం పెట్టారు. తర్వాత నాకు ముందు పంపని ఫొటో ఒకటి తెర మీదికొచ్చింది. నలుపు తెలుపు బొమ్మ. అదే లైట్‌హౌసు, అదే ఒడ్డు, నడకదారి మాత్రం లేదు, హోటళ్ళు లేవు. ఒడ్డు పొడవునా కర్రల మీద చేపలు ఎండుతున్నాయి, వాటి మధ్య చెక్క జోళ్ళు తొడుక్కున్న ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మా వరసల్లో గుసగుస మొదలైంది.

టీచరమ్మ చెప్పింది నేను చెప్పుకుంటూ పోయాను. ఆ ఊరికి రైలు వచ్చింది. రైలెక్కి పెద్ద పట్నాల నుంచి స్నానాలకి జనం వచ్చారు. వాళ్ళకి సముద్రం కావాలి, చేపల వాసన అక్కర్లేదు. ఒడ్డు శుభ్రం చేయాలన్నారు. చేపలు ఎండబెట్టేవాళ్ళకి కొండ వెనక ఇళ్ళు కట్టిచ్చారు. తర్వాత నడకదారి వేశారు, హోటళ్ళు లేచాయి. చాలా ఏళ్ళకి, పాత రోజులు గుర్తుండాలని, విగ్రహం పెట్టారు.

ముందు వరసలోంచి అమ్మ లేచింది. సభల్లో చెయ్యెత్తి అడగాలని ఆవిడకి తెలీదు. "అమ్మీ, ఆవిణ్ణి అడుగు. ఆ బొమ్మలో మడిసి ఇప్పుడెక్కడుంది? ఆల్లంతా ఏటయ్యారు?"

అడిగాను. టీచరమ్మ తెర దగ్గరికెళ్ళి, ఆ నలుపు తెలుపు ఫొటోలో చివర నిలబడ్డ పిల్లని చూపించింది. "ఈమె మా నాయనమ్మ. మంచి ఇల్లు ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా, అబద్ధం కాదు. కొండ వెనక. అక్కడికి గాలి రాదు. తడి చేపలు మోసుకుని కొండెక్కలేక కొన్నాళ్ళకి మానేసింది. అందరూ మానేశారు. చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలోకి పోయారు, అదీ మూతబడింది. ఇప్పుడు మా మార్కెట్టుకి చేపలు లారీలో వస్తాయి" అంది.

నేను అది మా వాళ్ళ మాటలో చెప్పాను. చెబుతుంటే నా ఒళ్ళు మండింది.

అప్పుడు ఆఫీసరు గారు నవ్వుతూ మైకు అందుకున్నారు. అదే అందమైన మార్పు మన ఊళ్ళో కూడా రాబోతోందని చెప్పి, తెర మీద ఒక రంగుల బొమ్మ వేయించారు. మా ఇసుకే అది. టైల్స్, పచ్చగడ్డి, బెంచీలు, దీపాలు, చుట్టూ స్టీలు రెయిలింగు, నడుమ నెత్తిన బుట్ట పెట్టుకున్న మా అమ్మ. రేపు పొద్దున విదేశీ అతిథుల చేతుల మీదుగా పనులు మొదలన్నారు.

"బాబూ, మరి సేపలెక్కడ ఎండబెట్టుకుంటాం?" అమ్మ ఇంకా నిలబడే ఉంది.

"దానికి వేరే చోటు చూస్తామమ్మా, కంగారు పడకండి. ఇది ఖాళీ స్థలమే కదా."

"కాళీ అని ఎవులు సెప్పారు?"

"మీరే చెప్పారు కదమ్మా. మీది కాదన్నారు. ఎవరిదీ కాదన్నారు."

నిజమే, అమ్మ ఆ మాట అన్నది. ఆయన్ని తిట్టడానికి కూడా లేదు, అడగాల్సింది అడిగాడు. ఆవిడ కూర్చుంది. నాకు అమ్మ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. సంతలో అర్ధరూపాయి తగ్గించమంటే కొనేవాళ్ళ ఏడు తరాలనూ కడిగి ఆరేసే మనిషి, అక్కడ మూగదైపోయింది.

హాలు బయటికి రాగానే అందుకున్నాను. "ఒక్క మాట అనలేకపోయావా? మాది అను, చాలు. రేపు పొద్దున అందరి ముందూ అను."

"తమ్ముడు నీటి మీదున్నాడే" అంది అమ్మ.

ఇంకేం అనను? తమ్ముడు పెళ్ళి కానివాడు, పెద్ద బోటు మీద వేటకెళ్ళి ఉన్నాడు. ఎప్పుడొస్తాడో ఇంకా కబురు లేదు. ఆ నమ్మకం తప్పని అమ్మకి చెప్పడం నాకు చేతకాలేదు. నేనే ఆ మాట అనలేను, ఆవిడ కన్న కొడుకు సంగతి నేనెలా తేల్చను? కానీ ఇసుక పోతే ఏమవుతుందో ఇందాకే తెర మీద చూశాం. ఆ రాత్రి దువ్వాడ వెళ్ళకుండా అమ్మ దగ్గరే పడుకున్నాను.

పొద్దున దిమ్మ చుట్టూ షామియానా వేశారు. ముందు రోజు పరిచిన నెత్తళ్ళని ఎవరో ఊడ్చి పక్కన కుప్పపోశారు. అది చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, బాధతో కాదు, కోపంతో. దండలు, రిబ్బను, మైకు సిద్ధం. ఫ్రెంచివాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. నేను టీచరమ్మ పక్కన నిలబడ్డాను. ఈ సభ బాగా జరిగితే ఏడాది పొడుగునా పని ఇస్తామని ఆఫీసరు గారు ముందే అన్నారు.

అప్పుడు పేట వైపు నుంచి అమ్మ వచ్చింది. సింహాచలం చీర కాదు, రోజూ కట్టే నూలు చీర, మోకాళ్ళ పైకి దోపుకుని. వెనక ఆడవాళ్ళందరూ. అమ్మ షామియానా వైపు చూడకుండా తిన్నగా నీటి దగ్గరికెళ్ళింది. అల పాదాల మీదికి వచ్చేదాకా ఆగి, దోసెడు నీళ్ళు తీసి నెత్తిన జల్లుకుంది, లెంపలేసుకుంది. తర్వాత వెనక్కి వచ్చి, దిమ్మ పక్కన వాళ్ళ అత్త కూర్చున్న చోట నిలబడింది.

"బాబూ, ఆ రోజు నువ్వు నన్నడిగావు. ఇప్పుడు మల్లీ అడుగు."

ఆఫీసరు గారు ఇబ్బందిగా నవ్వారు. "ఏమిటమ్మా అడగాలి?"

"ఇది ఎవులిదని అడుగు."

ఆయన అడగలేదు. అడగకపోయినా అమ్మ చెప్పింది. "ఇది నాది. మా అత్తది. మా అత్తకి అత్తది. ఇప్పుడు నాది."

ఆడవాళ్ళలో ఒకావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ మొగుడూ నీటి మీదే ఉన్నాడు. చెంగు తీసి, తన చోటు దగ్గరికెళ్ళి, "ఇది నాది" అంది. తర్వాత ఇంకొకావిడ. తర్వాత అందరూ. ఎవరి చోట వాళ్ళు నిలబడి, ఒక్కొక్కరే, పుట్టిన తర్వాత ఎప్పుడూ అనని మాట అన్నారు.

టీచరమ్మ నా మోచెయ్యి పట్టుకుని, వాళ్ళేమంటున్నారని అడిగింది. నేను నోరు తెరిచేలోపు ఆఫీసరు గారు నా వైపు వంగి, "అది అనువాదం చేయక్కర్లేదు మేడం, లోకల్ మేటర్" అన్నారు.

నా చేతిలో మైకు ఉంది. అందులోనే ఫ్రెంచిలో చెప్పాను. ప్రతి మనిషినీ చూపించి, ప్రతి మాటా చెప్పాను. ఆ మాట వీళ్ళు ఎందుకు అనరో, ఇవాళ అన్నందుకు ఎవరెవరి మనుషులు నీటి మీదున్నారో కూడా చెప్పాను. అయ్యాక అదంతా తెలుగులో మళ్ళీ చెప్పాను, ఆఫీసరు గారికి కూడా అర్థం కావాలని. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. పని పోతుందని తెలుసు. పోతే పోయిందనుకున్నాను, పోయింది కూడా.

టీచరమ్మ లేచి నిలబడింది. కత్తెర పళ్ళెంలోనే ఉంచేసి, ఇక్కడ తాను రిబ్బను కత్తిరించనని చెప్పింది. అంతకు మించి ఉపన్యాసం ఇవ్వలేదు. మిగతా ఫ్రెంచివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని ఆమె వెనకే లేచారు. ఆఫీసరు గారు ఎవరికో ఫోను చేస్తూ కారు వైపు నడిచారు. షామియానా కుర్రాళ్ళు మధ్యాహ్నానికి గుంజలు పీకేసుకుపోయారు. అమ్మ ఊడ్చిపోసిన నెత్తళ్ళలో పనికొచ్చేవి ఏరి, కడిగి, మళ్ళీ దిమ్మ మీద పరిచింది.

మేం గెలిచామని నేను అనడం లేదు. విగ్రహం ఎక్కడో గోదాములో గుడ్డ కప్పుకుని ఉందట. ప్లాను రద్దయిందని ఎవరూ చెప్పలేదు, మళ్ళీ కొలతలకి వస్తారని మాత్రం అంటున్నారు. రమ్మనండి. టీచరమ్మ వెళ్ళేముందు ఆ నలుపు తెలుపు ఫొటో అమ్మకి ఇచ్చింది. అమ్మ దాన్ని గోడకి తగిలించలేదు, కొలతలకి వచ్చేవాళ్ళకి చూపించాలని గుమ్మం దగ్గర గూట్లో పెట్టుకుంది.

తమ్ముడి బోటు వచ్చేదాకా అమ్మ సరిగా తినలేదు, ఒడ్డుకి పోయి చూసి రావడమే పని. వాడు వచ్చాడు, ఒళ్ళంతా డీజిలు కంపుతో, వేట సరిగా పడలేదని తిట్టుకుంటూ. అమ్మ అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, వాడు సగం తిన్నాక మెల్లిగా చెప్పింది.

వాడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అన్నావా? నాను నీటి మీదుండగా?"

"అన్నాను. నువ్వు నీటి మీదుండగానే."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. వాడి మొహంలో భయం నాకు స్పష్టంగా కనిపించింది. ఆ నీటి మీదికి మళ్ళీ వెళ్ళాల్సింది వాడే.

"ఆళ్ళు మల్లీ వొచ్చి అడిగితే?"

"మల్లీ అంటాను" అంది అమ్మ.

వాడు కంచం కడిగి బోర్లించి, తడి చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ వచ్చి అమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

"అయితే గట్టిగా అను. బోటు మీదకి ఇనపడాల."